ఏడాది చివర చేతికొచ్చే ఉపకార వేతనం

రాయ్‌పూర్‌కు దక్షిణంగా, జగదల్‌పూర్ వెళ్లే జాతీయ రహదారిపై సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న అభన్‌పూర్ పేరు తెలుగు పాఠకులలో చాలామందికి కొత్తదే కావచ్చు. అయితే అనకాపల్లి జిల్లా సబ్బవరం వద్ద ముగిసే 464 కిలోమీటర్ల రాయ్‌పూర్-విశాఖపట్నం ఆరు వరుసల రహదారి మొదలయ్యేది ఈ అభన్‌పూర్ పరిసరాలలోనే. బ్రిటిష్ వారి కాలంలో వేసిన నారోగేజి రైలు మార్గం ఇక్కడ చీలి, ఒక పాయ ధమ్‌తరికి, మరొక పాయ రాజిమ్‌కు సాగేది. ఆ చిన్న రైలు ఆగిపోయిన కొన్నేళ్లకు, 2025 మార్చి 30న ప్రధానమంత్రి జెండా ఊపడంతో మందిర్ హసౌద్ మీదుగా అభన్‌పూర్-రాయ్‌పూర్ మెమూ రైలు పట్టాలకెక్కింది. వరి పండించే పల్లెల నుంచి రాయ్‌పూర్ కళాశాలలకు రోజూ వెళ్లివచ్చే విద్యార్థులకు ఇది పెద్ద ఊరట.

ఈ రైలు కనీస ఛార్జీ పది రూపాయలు. రానుపోను ఇరవై. ఈ అంకెను పక్కన పెట్టుకుని ప్రభుత్వ ఉపకార వేతనాల పట్టికను తిరగేస్తే ఆసక్తికరమైన సంగతి ఒకటి బయటపడుతుంది. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు కేంద్రం 2021లో సవరించిన పోస్ట్ మెట్రిక్ పథకం ప్రకారం, ఇంటి నుంచి వెళ్లి బి.ఏ., బి.కాం. వంటి సాధారణ డిగ్రీ చదివే విద్యార్థికి బోధన రుసుము కాక ఏటా లభించే భత్యం 3,000 రూపాయలు. అంటే నెలకు 250. రోజుకు ఎనిమిది రూపాయల పైచిలుకు. వసతిగృహంలో ఉంటే 6,000. నెలకు 500 అన్నమాట. వృత్తి విద్యా కోర్సులలో అత్యధికంగా వసతిగృహ విద్యార్థికి 13,500, ఇంటి నుంచి వచ్చేవారికి 7,000 వరకు ఇస్తారు. విద్యార్థులకు రైల్వే ఇచ్చే రాయితీ సీజను టిక్కెట్టు తీసుకుంటే భారం తగ్గే మాట నిజమే. కాని స్టేషను నుంచి కళాశాలకు ఆటో, మధ్యాహ్నం ఏదో ఒక తిండి, పుస్తకాలు, పరీక్ష దరఖాస్తులు ఈ లెక్కలోకి రానేలేదు.

అయినా మొత్తం చాలదన్న ఫిర్యాదు పాతదే. దానికన్నా పెద్దది, ఎవరూ అంతగా పట్టించుకోనిది మరొకటుంది. ఆ మూడు వేలైనా ఎప్పుడు అందుతాయి? విద్యా సంవత్సరం జూలైలో మొదలవుతుంది. దరఖాస్తుల స్వీకరణ, కళాశాల ధ్రువీకరణ, జిల్లా అధికారుల మంజూరు, రాష్ట్ర ఖజానా నుంచి విడుదల, ఆపై కేంద్ర వాటా ఇన్ని మజిలీలు దాటి సొమ్ము బ్యాంకు ఖాతాలో పడేసరికి చాలా చోట్ల వార్షిక పరీక్షలు ముంచుకొస్తాయి, లేదా ముగిసే పోతాయి. రైల్వే అరువు ఇవ్వదు. ఆటోవాలా మార్చి నెలదాకా ఆగడు. కనుక ఈ మధ్యకాలంలో డబ్బు ఎవరు సర్దుతున్నారన్న ప్రశ్నకు ఒక్కటే జవాబు. పేద విద్యార్థి కుటుంబమే సర్దుతున్నది. నూటికి మూడు రూపాయల వడ్డీకి మూడు వేలు తెచ్చి పన్నెండు నెలల తరువాత తీర్చారనుకుంటే వడ్డీయే 1,080 రూపాయలు. ప్రభుత్వం ఇచ్చిన సాయంలో మూడో వంతుకు పైగా వడ్డీ వ్యాపారి పాలయిందన్నమాట. పేరుకు ప్రభుత్వం దాత, విద్యార్థి గ్రహీత. ఆచరణలో ప్రభుత్వానికి ఏడాదిపాటు అప్పు పెడుతున్నది విద్యార్థి.

దేశంలో ఈ సాయానికి ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడుగా ఉన్న డాక్టర్ అంబేద్కర్ పట్టుబట్టిన మీదట, షెడ్యూల్డు కులాల విద్యార్థుల ఉన్నత విద్యకు ఏటా మూడు లక్షల రూపాయలు కేటాయించడంతో 1944లో ఈ పథకానికి బీజం పడింది. స్వాతంత్ర్యానంతరం గిరిజన విద్యార్థులకూ విస్తరించింది. పథకం నిడివి పెరిగినకొద్దీ కేంద్ర, రాష్ట్రాల నడుమ లెక్కల పేచీ కూడా పెరుగుతూ వచ్చింది. ప్రతి పంచవర్ష ప్రణాళిక ముగిసేనాటికి అయిన వ్యయాన్ని రాష్ట్రాల మీద స్థిరభారంగా మోపి, దానికి పైబడిన మొత్తాన్ని మాత్రమే కేంద్రం భరించే పద్ధతి దశాబ్దాల పాటు సాగింది. ఫలితంగా 2017-18 నుంచి 2019-20 వరకు కేంద్ర సాయం సగటున ఏటా 1,100 కోట్ల రూపాయల దగ్గరే నిలిచిపోయింది. ఖజానా ఖాళీగా ఉన్న రాష్ట్రాలు చెల్లింపులను వాయిదా వేసుకుంటూ పోయాయి. 2012-17 మధ్య కాలానికి కర్ణాటక, మహారాష్ట్ర, పంజాబ్, తమిళనాడు, ఉత్తరప్రదేశ్‌లలో ఈ పథకాన్ని పరిశీలించిన కాగ్ 2018 నాటి నివేదికలో జాప్యాన్ని ప్రధాన లోపాలలో ఒకటిగా ఎత్తిచూపింది.

2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ పద్ధతిని మార్చింది. అయిదేళ్లకు 59,048 కోట్ల రూపాయల వ్యయాన్ని ఆమోదించి, అందులో 35,534 కోట్లు, అంటే 60 శాతం, తాను భరిస్తానన్నది. నాలుగు కోట్ల మంది విద్యార్థులకు ప్రయోజనం చేకూరుతుందని అంచనా వేసింది. సొమ్మును నేరుగా విద్యార్థి ఖాతాకే పంపాలని, బోధన రుసుము ముందుగా కట్టనక్కరలేకుండా ఫ్రీషిప్ కార్డు ఇవ్వాలని నిర్దేశించింది. ఇది స్వాగతించదగిన సంస్కరణ అనడంలో సందేహం లేదు. అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. రాష్ట్రం తన 40 శాతం వాటాను ముందుగా విద్యార్థి ఖాతాలో జమచేసిన తరువాతే కేంద్రం తన 60 శాతాన్ని విడుదల చేస్తుంది. రాష్ట్రం ఆలస్యం చేస్తే కేంద్రం వాటా కూడా తానుగా ఆలస్యమవుతుంది. తప్పు రాష్ట్రానిది, శిక్ష విద్యార్థికి.

అభన్‌పూర్ విద్యార్థి మొర ఇలా ఉంటే, రహదారికి ఆ చివరన ఉన్న తెలుగు రాష్ట్రాల కథ వేరు. ఇక్కడ భత్యం కన్న బోధన రుసుము ప్రధానమైంది. దీనికి మూలం తెలుసుకోవాలంటే 1993 నాటి ఉన్నికృష్ణన్ తీర్పు దాకా వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా నడిచిన ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలల్లో సగం సీట్లు ఉచిత సీట్లుగా, ప్రభుత్వ కళాశాలల ఫీజుకే ఇవ్వాలని, మిగిలిన సగం చెల్లింపు సీట్లని నిర్ణయించింది. ఉచిత సీటు విద్యార్థి ఖర్చును చెల్లింపు సీటు విద్యార్థి మోసేవాడు. ప్రభుత్వానికి పైసా ఖర్చు లేని ఏర్పాటు అది. అందులో అన్యాయమూ లేకపోలేదు. పట్టణంలో మంచి కోచింగు పొంది ర్యాంకు తెచ్చుకున్న సంపన్నుల బిడ్డ ఉచిత సీటులో, పొలం అమ్ముకున్న రైతు బిడ్డ చెల్లింపు సీటులో చేరిన సందర్భాలు ఆ రోజుల్లో కోకొల్లలు. 2002లో టి.ఎం.ఏ. పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఈ ఏర్పాటును కొట్టివేసింది. మరుసటి ఏడు ఇస్లామిక్ అకాడమీ తీర్పుతో ఫీజులు నిర్ణయించే సంఘాలు వచ్చాయి. సంపన్నుడికి, పేదకు ఒకే ఫీజు అయింది.

ఆ ఫీజును పేదవాని తరఫున ఎవరు కడతారన్న ప్రశ్నకు వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఇచ్చిన సమాధానమే ఫీజు రీయింబర్స్‌మెంటు. 2008-09 నుంచి వెనుకబడిన తరగతులకూ, తరువాత ఆర్థికంగా వెనుకబడిన ఇతరులకూ విస్తరించిన ఈ పథకం లక్షలాది కుటుంబాలలో తొలి తరం ఇంజనీర్లను తయారుచేసింది. దీనిని తక్కువచేసి మాట్లాడటం న్యాయం కాదు. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 18-23 ఏళ్ల వయసు వారిలో కళాశాలల్లో చేరినవారి నిష్పత్తి దేశంలో 28.4 శాతం కాగా తెలంగాణలో 40, ఆంధ్రప్రదేశ్‌లో 36.5 శాతం. ఛత్తీస్‌గఢ్‌లో అది 20 శాతానికి లోపే. ఈ అంతరానికి కారణం ఫీజు రీయింబర్స్‌మెంటు ఒక్కటే కాకపోవచ్చు. కాని దాని పాత్ర లేదనేవారు అరుదు.

అదే సమయంలో ఈ పథకం కళాశాలల సంఖ్యను కూడా పెంచింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కళాశాలలు ఏడు వందల వరకు చేరాయి. అధ్యాపకులు లేని, ప్రయోగశాలలు లేని చోట్ల కూడా సీట్లు నిండాయి, ఎందుకంటే చెల్లించేది విద్యార్థి కాదు, ఖజానా. బిల్లు తట్టుకోలేని స్థితి వచ్చాక 2012లో ప్రభుత్వం పరిమితి విధించింది. షెడ్యూల్డు కులాలు, తెగలు మినహా మిగతావారిలో ఎంసెట్‌లో పదివేల లోపు ర్యాంకు వచ్చినవారికే పూర్తి ఫీజు, మిగిలినవారికి 35,000 రూపాయలే అన్నది. తెలంగాణలో ఈ నిబంధన రాష్ట్ర విభజన తరువాత కూడా కొనసాగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో అధికారానికి వచ్చిన ప్రభుత్వం పూర్తి ఫీజు చెల్లిస్తామంటూ విద్యా దీవెన, భోజన వసతి ఖర్చుల కోసం వసతి దీవెన పథకాలు తెచ్చింది. వసతి దీవెన 2020 ఫిబ్రవరిలో విజయనగరంలో మొదలయింది. డిగ్రీ, ఆపై చదువులకు ఏటా 20,000, పాలిటెక్నిక్‌కు 15,000, ఐ.టి.ఐ.కి 10,000 చొప్పున రెండు వాయిదాలలో ఇవ్వాలన్నది నియమం. అభన్‌పూర్ విద్యార్థికి దక్కే మూడు వేలతో పోలిస్తే ఇది రాజభోగమే.

కాని కాగితం మీది వాయిదా వేరు, ఖాతాలో పడే వాయిదా వేరు. బోధన రుసుమును మూడు నెలలకోసారి తల్లుల ఖాతాలో వేసి, ఆ తల్లి వెళ్లి కళాశాలకు కట్టాలన్నది అప్పటి ఏర్పాటు. కళాశాలను తల్లి నిలదీయగలదన్న ఉద్దేశం మంచిదే. అయితే వాయిదా ఆగిపోయినప్పుడు కళాశాల నిలదీసేది ప్రభుత్వాన్ని కాదు, ఆ తల్లినే. 2024 ఎన్నికల నాటికి వాయిదాలు నిలిచి బకాయిలు పేరుకున్నాయి. తరువాత వచ్చిన ప్రభుత్వం నేరుగా కళాశాలలకే చెల్లించే పాత పద్ధతికి మళ్లింది. తెలంగాణలో బకాయిలు వేల కోట్లకు చేరాయి. 2025 నవంబరు 3 నుంచి ప్రైవేటు కళాశాలలు నిరవధికంగా తలుపులు మూసి, కొంత మొత్తం వెంటనే విడుదల చేస్తామని ప్రభుత్వం మాట ఇచ్చాకనే తెరిచాయి. ఎవరి ఖాతాలో వేయాలన్న చర్చలో ప్రభుత్వాలు మారినప్పుడల్లా సమాధానం మారుతున్నది. ఏ తేదీన వేయాలన్నది మాత్రం చర్చకే రావడం లేదు.

ఈ జాప్యం పర్యవసానం చదువు పూర్తయిన రోజున తెలుస్తుంది. ఫీజు బకాయి ఉందని కళాశాల ధ్రువపత్రాలు ఇవ్వదు. విద్యార్థి అసలు ధ్రువపత్రాలను అట్టిపెట్టుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లోనే స్పష్టంగా ఆదేశించింది. అయినా అధ్యాపకులకు నెలల తరబడి జీతాలు ఇవ్వలేక సతమతమవుతున్న యాజమాన్యం చేతిలో మిగిలిన ఏకైక ఆయుధం ఆ కాగితమే. ఉద్యోగం వచ్చి చేరడానికి పది రోజులు గడువున్న యువకుడు అప్పుచేసి ప్రభుత్వ బకాయిని తానే కడతాడు. తరువాత ఎప్పుడో ప్రభుత్వం చెల్లించినప్పుడు ఆ డబ్బు తిరిగి చేతికి వచ్చేదాకా మళ్లీ కళాశాల చుట్టూ తిరగాలి.

మళ్లీ అభన్‌పూర్‌కు వద్దాం. జాప్యం సమస్య దరఖాస్తు ఆమోదం పొందినవారిది. అసలు గడప దాటలేనివారి సంగతి వేరే ఉంది. షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థులకు కుటుంబ వార్షికాదాయ పరిమితి రెండున్నర లక్షలు. ఇది దశాబ్దానికి పైగా మారలేదు. ఇతర వెనుకబడిన తరగతుల వారికి ఛత్తీస్‌గఢ్‌లో ఇటీవలి సంవత్సరాల ప్రకటనల ప్రకారం పరిమితి లక్ష రూపాయలు. రాయ్‌పూర్ మైదాన ప్రాంతంలో సాహు, యాదవ్, కుర్మీ వంటి వెనుకబడిన కులాల రైతు కుటుంబాలే అధికం కనుక ఇక్కడ ఈ లక్ష గీతకు ప్రాధాన్యం ఎక్కువ.

ఈ గీత ఎంత కిందుగా ఉందో చూడండి. 2025-26లో గ్రామీణ ఉపాధి హామీ కింద ఛత్తీస్‌గఢ్‌కు నిర్ణయించిన రోజుకూలి 261 రూపాయలు. దేశంలో నిర్ణయించిన అతి తక్కువ కూలి రేట్ల కోవలోదే అది. అటువంటి కూలికే భార్యాభర్తలిద్దరూ ఏడాదిలో చెరి రెండు వందల రోజులు పనిచేశారనుకుంటే వచ్చేది 1,04,400 రూపాయలు. ఆ కుటుంబంలోని పిల్లవాడు ఉపకార వేతనానికి అనర్హుడు! రైతు లెక్క చూద్దాం. రాష్ట్ర ప్రభుత్వం ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు, క్వింటాలుకు 3,100 రూపాయల చొప్పున ధాన్యం కొంటున్నది. రెండెకరాల రైతు పరిమితి మేరకు అమ్మితే చేతికొచ్చేది 1,30,200. ఎరువులు, కూలీలు, నూర్పిళ్లు పోను మిగిలేది అందులో ఏ పాటో రైతుకు తెలుసు. కాని బ్యాంకు పుస్తకంలో కనిపించేది మాత్రం లక్షా ముప్పై వేలు. ఇక తహశీల్దారు కార్యాలయంలో ఆదాయ ధ్రువపత్రం ఏ అంకెతో రాయించుకోవాలన్నది ఆ రైతు ధర్మసంకటం. నిజం రాయిస్తే పిల్లవాడి సాయం పోతుంది, తక్కువ రాయిస్తే అబద్ధమవుతుంది. ధాన్యం ధర పెంచి రైతును ఆదుకున్నామని చెప్పే చేతితోనే అదే రైతు బిడ్డ ఉపకార వేతనాన్ని ఆపడం విచిత్రం. మరోవంక వెనుకబడిన తరగతులలో సంపన్నశ్రేణిని నిర్ణయించే గీత 2017 నుంచి ఎనిమిది లక్షలు. రిజర్వేషనుకు ఎనిమిది లక్షల వరకు వెనుకబాటుతనమే, స్కాలర్‌షిప్పుకు లక్ష దాటితే సంపన్నమే.

పుట్టిన తేదీలు, వలస తేదీలు కూడా ఇలాగే అడ్డుపడతాయి. ఛత్తీస్‌గఢ్‌లో కుల ధ్రువపత్రం కావాలంటే షెడ్యూల్డు కులాల వారు 1950 ఆగస్టు 10 నాటికి, గిరిజనులు 1950 సెప్టెంబరు 6 నాటికి, వెనుకబడిన తరగతుల వారు 1984 డిసెంబరు 26 నాటికి తమ పూర్వీకులు ఆ ప్రాంతంలో నివసించినట్టు ఆధారం చూపాలి. భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలయింది 1959 ఫిబ్రవరిలో. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి ఆ కర్మాగారం పనులకు, రైల్వే పనులకు, రాయ్‌పూర్‌లో చిన్నాచితకా వృత్తులకు తరలివెళ్లిన తెలుగు కుటుంబాలలో అత్యధికం ఆ తరువాత వెళ్లినవే. వారి మనవలు అక్కడే పుట్టి, హిందీలోనే చదివి, తెలుగు రాయలేని స్థితిలో ఉన్నా అక్కడి షెడ్యూల్డు కులాల జాబితాకు పరాయివారే. ఆంధ్రప్రదేశ్‌లో అడిగితే స్థానికులు కారంటారు. పథకం నిబంధన ప్రకారం విద్యార్థి ఏ రాష్ట్రానికి చెందినవాడో ఆ రాష్ట్రమే చెల్లించాలి. అతడు ఏ రాష్ట్రానికి చెందినవాడన్నదే తేలదు.

ఈ విషయంలో న్యాయస్థానం ముందుకు మొదట వెళ్లినవారిలో ఒక తెలుగు విద్యార్థి ఉండటం గమనార్హం. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి వెళ్లిన మర్రి చంద్రశేఖరరావుకు మహారాష్ట్రలో గిరిజన కోటా వైద్య సీటు నిరాకరించగా, ఒక రాష్ట్రంలోని షెడ్యూల్డు హోదా మరొక రాష్ట్రానికి వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. సీట్ల పంపకంలో ఆ తీర్పునకు తర్కం ఉన్నది. ఒక రాష్ట్రంలో వెనుకబడినవాడు మరోచోట వెనుకబడినవాడు కానక్కరలేదు. కాని సీటు వేరు, ఆకలి వేరు. ఉపకార వేతనం మరొకరి సీటు తీసుకోదు. దానికి ఆ తర్కాన్ని యథాతథంగా వర్తింపజేయడంలో ఔచిత్యం కనబడదు. తెలంగాణ ఏర్పడగానే 2014లో ప్రకటించిన 'ఫాస్ట్' పథకం కూడా 1956 నాటికి స్థానికులైన కుటుంబాలకే ఫీజు చెల్లిస్తామని ఇటువంటి గీతే గీసింది. వ్యవహారం హైకోర్టుకెక్కాక 2015లో ఆ గీతను చెరిపివేయవలసి వచ్చింది.

సాయానికి బదులు రుణం ఇస్తే సరిపోతుంది కదా అనే వాదన ఢిల్లీలో కొంతకాలంగా బలపడుతున్నది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం 860 ఉత్తమ విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికి హామీ, పూచీకత్తు లేకుండా రుణం ఇస్తుంది. కుటుంబాదాయం ఎనిమిది లక్షల లోపు ఉన్నవారికి పది లక్షల వరకు రుణంపై మూడు శాతం వడ్డీ రాయితీ లభిస్తుంది. రాయితీ పొందేది ఏటా లక్షమంది. 4 కోట్ల 33 లక్షల మంది ఉన్నత విద్య అభ్యసిస్తున్న దేశంలో ఇది ఏ మూలకు? ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కూడా రెండు లక్షల లోపు ఆదాయం గల కుటుంబాలకు నాలుగు లక్షల వరకు విద్యా రుణంపై వడ్డీ రాయితీ ఇస్తున్నది. అదీ సాంకేతిక, వృత్తి విద్యలకే. అభన్‌పూర్ నుంచి బి.ఏ. చదివే పిల్లకు ఈ రెండూ అందనివే. పన్నెండో తరగతిలో అగ్రశ్రేణిలో నిలిచినవారికి కేంద్రం ఇచ్చే ప్రతిభా ఉపకార వేతనం ఒకటుంది. దేశం మొత్తానికి ఏటా 82,000 మందికి, డిగ్రీలో సంవత్సరానికి 12,000 రూపాయలు.

జాప్యానికి అధికారులు చెప్పే కారణం పరిశీలన. అందులో నిజం లేకపోలేదు. 2023లో మైనారిటీ ఉపకార వేతనాలు పొందుతున్న 1,572 సంస్థలను పరిశీలిస్తే 830 బోగస్‌వని తేలిందని కేంద్రం ప్రకటించింది. లేని విద్యార్థుల పేరిట, లేని కళాశాలల పేరిట కోట్లు మింగిన వారున్నప్పుడు ఖజానా తాళం చెవులు పట్టుకున్నవారు జాగ్రత్తగా ఉండవలసిందే. కాని మోసం చేసింది సంస్థలు, వాటికి సంతకాలు పెట్టిన అధికారులు. పరిశీలన భారం మాత్రం విద్యార్థి నెత్తిన పడుతున్నది. పేరులో అక్షరం తేడా ఉన్నా, ఆధార్ అనుసంధానం ఎప్పుడో తెరిచి మరిచిపోయిన జన్‌ధన్ ఖాతాకు ఉన్నా, సొమ్ము అటే పోతుంది లేదా వెనక్కి పోతుంది. ఆధార్‌కు చివరగా అనుసంధానమైన ఖాతాకే డబ్బు చేరుతుందన్న సంగతి చాలామంది విద్యార్థులకు డబ్బు రాని తరువాతే తెలుస్తున్నది.

నిజంగా యంత్రాంగానికి చేతకాదా అంటే, చేతనవునని ఆ ప్రభుత్వాలే రుజువు చేస్తున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లో మహతారీ వందన పథకం కింద 2024 మార్చి నుంచి సుమారు 70 లక్షల మంది వివాహిత మహిళల ఖాతాల్లో నెలనెలా వెయ్యి రూపాయలు పడుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో అరవై లక్షలకు పైగా పింఛనుదారులకు ఒకటో తేదీన ఇంటివద్దే డబ్బు అందుతున్నది. ఒకటో తేదీ సెలవైతే ముందురోజే ఇస్తున్నారు. అదే రాష్ట్రం, అదే ఖజానా, అవే బ్యాంకులు, అదే ఆధార్. తేడా ఎక్కడున్నదో విజ్ఞులు ఊహించుకోవచ్చు. పింఛను ఆగితే ఆ వారమే ఊరూవాడా కలకలం రేగుతుంది. ఉపకార వేతనం ఆగితే పరీక్షలు రాసి విద్యార్థి వెళ్లిపోతాడు, మరుసటి ఏడు కొత్తవారు వస్తారు. ఓటరు జాబితాలో పేరు ఎక్కీ ఎక్కని వయసు వారిది.

తొలి ఏడాది పరిశీలన పూర్తయిన విద్యార్థికి రెండో ఏడాది, మూడో ఏడాది మళ్లీ అదే కాగితాలన్నీ తిరిగి అడగవలసిన అవసరం లేదు. అతడు పై తరగతిలోకి వెళ్లాడా, హాజరు ఉన్నదా అన్న రెండు సంగతులు కళాశాల తెలియజేస్తే చాలు. కనీసం వీరికైనా జూలై నుంచే నెలవారీ భత్యం మొదలుపెట్టవచ్చు. కొత్తగా చేరినవారికి మొదటి మూడు నెలల మొత్తాన్ని ముందుగా ఇచ్చి, అనర్హులని తేలితే తరువాత రాబట్టుకోవచ్చు. వారి నుంచి రాబట్టవలసి వచ్చేది ఎంత? మూడు నెలలకు 750 రూపాయలు. గడువు దాటిన ప్రతి నెలకు ప్రభుత్వమే వడ్డీ చేర్చి చెల్లించాలన్న నియమం పెడితే ఆర్థిక శాఖల నడక దానంతట అదే వేగం పుంజుకుంటుంది. రాష్ట్రం తన వాటా వేయకపోయినా విద్యార్థి ఖాతాలో కేంద్ర వాటా వేసి, రాష్ట్రానికి ఇవ్వవలసిన పన్నుల వాటాలో సర్దుబాటు చేసుకోవడం ఢిల్లీకి కష్టం కాదు. రాష్ట్రాల హక్కుల మాట వచ్చి దీనికి అభ్యంతరాలు లేవవచ్చు. ఆ అభ్యంతరాలు లేవకుండా చేసుకునే మార్గం రాష్ట్రాల చేతిలోనే ఉంది.

2020 డిసెంబరులో ఆమోదించిన అయిదేళ్ల ఏర్పాటు 2025-26 ఆర్థిక సంవత్సరం వరకు ఉద్దేశించినది. ఆపైన వర్తించే నియమావళిలో భత్యం ఎంత, ఆదాయ పరిమితి ఎంత, ఎవరి వాటా ఎంత అనే అంకెల మీద కేంద్ర, రాష్ట్రాల బేరసారాలు ఎటూ తప్పవు. రెండున్నర లక్షల పరిమితిని ధరల సూచీకి ముడిపెట్టడం, ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రాలు వెనుకబడిన తరగతులకు పెట్టుకున్న లక్ష గీతను కేంద్ర పరిమితికి సమం చేయడం, వలస కుటుంబాల పిల్లలకు పదో తరగతి ఎక్కడ చదివితే ఆ రాష్ట్రమే చెల్లించాలని నిర్ణయించి ఆ ఖర్చును కేంద్రం భర్తీ చేయడం ఆ బేరసారాలలో చోటుచేసుకోవలసిన అంశాలు. వీటన్నిటికీ డబ్బు కావాలి. చెల్లింపు తేదీని నియమావళిలో రాయడానికి మాత్రం అదనంగా పైసా అక్కరలేదు.